తేరుకున్న నీళ్ళు: ఒక తండ్రి, ఒక కొడుకు, ఒక చేపల తొట్టి

కింద చేపల తొట్టి, పైన గులకరాళ్ళ మడిలో పాలకూర, పుదీనా. చిన్న మోటారు ఒకటి తొట్టిలో నీటిని పైకి తోస్తుంది. రాళ్ళ మధ్య నుంచి జారి నీళ్ళు మళ్ళీ తొట్టిలో పడతాయి. చేపల మలినం మొక్కలకి ఎరువు, మొక్కలు వాడుకున్నాక మిగిలిన నీరు చేపలకి ఇల్లు. దీన్నే ఆక్వాపోనిక్స్ అంటున్నారు. మిద్దెతోటల వాళ్ళు, బాల్కనీ తోటల వాళ్ళు ఇప్పుడు అక్కడక్కడా దీన్ని పెట్టుకుంటున్నారు.

కొత్తగా పెట్టిన చాలామందికి ఎదురయ్యే అనుభవం ఒకటుంది. మొదటి వారం నీళ్ళు అద్దంలా ఉంటాయి. రెండో వారంలో, అదే అద్దంలాంటి నీళ్ళలో, చేపలు పైకి వచ్చి నోళ్ళు తెరవడం మొదలుపెడతాయి. తర్వాత ఒకటో రెండో చచ్చి తేలుతాయి. కంగారుపడి తొట్టి ఖాళీ చేసి, రాళ్ళన్నీ కుళాయి కింద రుద్ది కడిగి, కొత్త నీళ్ళు పోస్తారు. మళ్ళీ అద్దంలాంటి నీళ్ళు, మళ్ళీ అదే కథ. నీళ్ళు తేటగా ఉన్నాయి కదా, మరి చేపలెందుకు చచ్చాయి?

ఈ ప్రశ్నకి జవాబు దొరకడానికి పందొమ్మిదో శతాబ్దంలో నలభై ఏళ్ళు పట్టింది. జవాబులో మొదటి సగం లండన్‌లో ఒక తండ్రికి దొరికింది. రెండో సగం చాలావరకు ఆయన కొడుకు తేల్చాడు. ఇద్దరి పేరూ ఒకటే: రాబర్ట్ వారింగ్టన్. ఆ రెండు సగాలూ ఒకే తొట్టికి సంబంధించినవని వెంటనే ఎవరికీ తోచలేదు. నేటికీ కొత్తవాళ్ళ తొట్లలో చేపలు చస్తున్నాయంటే, మనం తండ్రి చెప్పిన సగమే నేర్చుకుని ఆగిపోవడం వల్లే.

తండ్రి తొట్టి

గాజు బుడ్డిలో బంగారు చేపలు పెంచడం యూరప్‌లో అప్పటికే పాత సరదా. కానీ నీళ్ళు తరచూ మార్చాల్సిందే, లేకపోతే చేపలు బతకవు. మరోవైపు రసాయన శాస్త్రం ఒక సూచన ఇచ్చి ఉంది. 1771లో జోసెఫ్ ప్రీస్ట్‌లీ, కొవ్వొత్తి ఆరిపోయిన మూసిన గాలిలో ఒక పుదీనా రెమ్మ పెడితే, కొన్నాళ్ళకి ఆ గాలి మళ్ళీ కొవ్వొత్తిని వెలిగించనిస్తుందని చూశాడు. 1779లో ఇంగెన్‌హౌజ్ ఆ పని మొక్క వెలుతురులోనే చేస్తుందని తేల్చాడు. జంతువు పాడుచేసిన గాలిని మొక్క బాగుచేస్తుందంటే, అదే ఏర్పాటు నీటిలో కూడా నడవాలి కదా?

రాబర్ట్ వారింగ్టన్ (1807–1867) ఈ ప్రశ్నని 1849లో పరీక్షకి పెట్టాడు. ఆయన లండన్ అపోథికరీస్ హాల్‌లో రసాయన శాస్త్రవేత్త. 1841లో కెమికల్ సొసైటీ ఏర్పడటానికి చొరవ తీసుకున్నవాళ్ళలో ముఖ్యుడు. సుమారు పన్నెండు గ్యాలన్లు, అంటే యాభై లీటర్ల పైచిలుకు పట్టే గాజు పాత్ర తీసుకుని, సగం దాకా ఊటనీరు పోశాడు. అడుగున ఇసుక, బురద, కొన్ని సున్నపురాళ్ళు. అందులో రెండు చిన్న బంగారు చేపలు, ఒక వాలిస్నేరియా మొక్క. రిబ్బన్లలా పొడుగాటి ఆకులుండే ఈ నీటిమొక్క మన ఆక్వేరియం దుకాణాల్లో ఇప్పటికీ దొరుకుతుంది.

కొన్నాళ్ళు బాగానే ఉంది. తర్వాత వాలిస్నేరియా పాత ఆకులు కుళ్ళడం మొదలైంది. నీళ్ళు మసకబారాయి, గాజు లోపలివైపు పాచి కట్టింది. ఇక్కడ వారింగ్టన్ నీళ్ళు మార్చలేదు. బయట చెరువుల్లో ఏం జరుగుతుందో గుర్తుచేసుకుని, కుళ్ళిన ఆకులు తినే నీటి నత్తల్ని కొన్ని తెచ్చి వేశాడు. నత్తలు కుళ్ళునీ పాచినీ తినేశాయి, వాటి గుడ్లు చేపలకి ఆహారమయ్యాయి, నీళ్ళు తేరుకున్నాయి. 1850 మార్చిలో ఈ సంగతి కెమికల్ సొసైటీకి నివేదించాడు. చేప, మొక్క, నత్త: ఈ మూడూ సరిపాళ్ళలో ఉంటే నీరు మార్చే పనే ఉండదన్నది దాని సారాంశం.

గాజు పాత్రల్లో నీటి జీవాల్ని పెంచిన మొదటి మనిషి వారింగ్టన్ కాదు. 1832లోనే సిసిలీలోని మెస్సీనాలో జాన్ విల్‌ప్రూ-పవర్ అనే ఆవిడ, సముద్రజీవుల్ని పరిశీలించడానికి గాజు తొట్లు కట్టించుకుంది. నీళ్ళు ఎందుకు బాగుంటాయి అన్న ప్రశ్నకి రసాయన శాస్త్రం భాషలో జవాబు చెప్పబూనడం వారింగ్టన్‌లో కొత్తది.

ఆ జవాబు వినడానికి ఎంతో ముచ్చటగా ఉంది. ఆనాటి ఇంగ్లండుకి అది ప్రకృతి ధర్మాన్ని గాజు పాత్రలో పెట్టి చూపినట్టనిపించింది. 1853లో రీజెంట్స్ పార్క్ జంతు ప్రదర్శనశాలలో చేపల గృహం తెరిచారు. దానికి జీవాల్ని సమకూర్చినవాళ్ళలో ముఖ్యుడైన ఫిలిప్ హెన్రీ గాస్, 1854లో 'ది ఆక్వేరియం' పుస్తకం రాశాడు. ఆక్వేరియం అన్న మాట ఇంటింటికీ చేరింది ఆ పుస్తకంతోనే. మధ్యతరగతి ఇళ్ళ ముందు గదుల్లో గాజు తొట్లు వెలిశాయి. జనం సముద్రతీరాలకి ఎగబడి రాతిగుంటల్లోని జీవాల్ని బకెట్లలో ఎత్తుకొచ్చారు.

ఈ ముచ్చట పదేళ్ళకి మించి నిలవలేదు. కొన్ని తొట్లు పచ్చబడ్డాయి, కొన్ని కంపుకొట్టాయి. చేపా మొక్కా నత్తా లెక్క ప్రకారమే ఉన్నా జీవాలు చచ్చాయి. పదింట తొమ్మిది తొట్లు మూలపడ్డాయని 1868లో జె.జి. వుడ్ తన ఆక్వేరియం పుస్తకంలో రాశాడు. వారింగ్టన్ సూత్రంలో ఏదో ఒక పద్దు తక్కువైంది. అదేమిటో తెలియకుండానే ఆయన 1867లో చనిపోయాడు.

చీకటి గదిలో నీళ్ళు

ఆ పద్దు దగ్గరికి, అదేమిటో తెలియకపోయినా, చేతి అనుభవంతో వెళ్ళినవాడు ఒకడున్నాడు. విలియం ఆల్ఫర్డ్ లాయిడ్ లండన్‌లో ఆక్వేరియం సామాన్ల దుకాణం నడిపాడు. తర్వాత 1864లో హాంబర్గ్‌లోనూ 1871లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌లోనూ పెద్ద ఆక్వేరియాలకి రూపకల్పన చేశాడు. ఆయన పద్ధతి విడ్డూరంగా ఉంటుంది. జనం చూసే తొట్ల కింద, వాటన్నిటికంటే ఎన్నో రెట్లు పెద్దదైన చీకటి నీటి గది కట్టించాడు. అదే నీటిని రాత్రింబవళ్ళు గదిలోంచి తొట్లలోకి, తొట్లలోంచి గదిలోకి తిప్పుతూ ఉండేవాడు. పాడైన నీటిని పారబొయ్యకుండా తిప్పితే చాలు, అదే బాగుపడుతుందన్నది ఆయన నమ్మకం.

చీకట్లో పాచి పెరగదు, పారే నీటిలో ప్రాణవాయువు కలుస్తుంది. ఇంతవరకు లాయిడ్‌కి తెలుసు. ఆ చీకటి గది గోడల మీద ఇంకేం పెరుగుతోందో ఆయనకీ తెలియదు. నేటి ఆక్వాపోనిక్స్ తొట్టిలో నీళ్ళు తిరిగే ఏర్పాటు మాత్రం చాలావరకు లాయిడ్‌దే.

కొడుకు సీసాలు

ఇప్పుడు కథ చేపల్ని వదిలి పొలాల్లోకి వెళ్ళాలి. పొలానికి ముందు తుపాకిమందు దగ్గరికి.

తుపాకిమందుకి సూరేకారం కావాలి. మన నిఘంటువుల్లో దీనికే పెట్లుప్పు అని ఇంకో పేరు. పశువుల కొట్టాల చుట్టూ, పాత మట్టిగోడల మీద, మూత్రం ఇంకిన నేలలో ఇది తెల్లగా పొంగుతుంది. బీహారులో నూనియాలు ఆ మట్టిని నీటితో కడిగి, కాచి, సూరేకారం తీసేవారు. బ్రిటిష్ తుపాకులు చాలాకాలం ఆ సరుకు మీదే పేలాయి. మూత్రంలోంచి పుట్టే అమోనియా మట్టిలో సూరేకారానికి మూలమైన నైట్రేటుగా ఎలా మారుతోంది? గాలిలోని ప్రాణవాయువు దాన్ని నెమ్మదిగా కాలుస్తోంది, ఇది వట్టి రసాయన చర్య అని చాలామంది అనుకున్నారు. సూక్ష్మజీవుల పని కావచ్చని పాశ్చర్ 1862లో అనుమానించాడు గానీ, రుజువు లేదు.

రుజువు 1877లో పారిస్ మురుగునీటిలోంచి వచ్చింది. ష్లోజింగ్, మ్యూంట్స్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు, కాల్చిన ఇసుకా సున్నపురాయి పొడీ నింపిన పొడుగాటి గొట్టంలోంచి మురుగునీటిని చుక్కచుక్కగా జారనిచ్చారు. ఇరవై రోజులపాటు ఏమీ జరగలేదు. తర్వాత ఉన్నట్టుండి అమోనియా మాయమై నైట్రేట్ కనిపించసాగింది. వట్టి రసాయన చర్యే అయితే మొదటి రోజు నుంచే జరగాలి, ఇరవై రోజులు ఆగడమెందుకు? గొట్టంలోకి క్లోరోఫామ్ ఆవిరి పంపారు, పని ఆగిపోయింది. క్లోరోఫామ్ తీసేసి, కాస్త తోటమట్టి కలిపిన నీళ్ళు పోశారు, కొన్నాళ్ళకి పని మళ్ళీ మొదలైంది. మత్తుమందుకి లొంగేది ప్రాణమున్నదే అయివుండాలి.

ఈ వార్తని వెంటనే అందుకున్నవాడు రెండో రాబర్ట్ వారింగ్టన్ (1838–1907). తండ్రి గాజు పాత్రలో చేపలు వేసిననాటికి పదేళ్ళ పిల్లవాడు. ఆరోగ్యం అంతంతమాత్రం కావడంతో చదువు ఇంట్లోనే సాగింది. రసాయన శాస్త్రం తండ్రి ప్రయోగశాలలోనే నేర్చుకున్నాడు. 1876లో హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన క్షేత్రంలో చేరాడు. పొలానికి వేసిన ఎరువులోని నత్రజని ఏమవుతోందన్నది అక్కడి పెద్ద ప్రశ్న.

వరుసగా పదేళ్ళకి పైగా ఆయన చేసింది బయటివాళ్ళకి విసుగు పుట్టించే పని. సీసాల్లో అమోనియా ద్రావణం పోయడం, చిటికెడు మట్టి కలపడం, రోజుల తరబడి పరీక్షిస్తూ కూర్చోవడం. ఆ సీసాలు ఆయనకి మూడు విషయాలు చెప్పాయి. ఒకటి, ఫ్రెంచివాళ్ళు చెప్పింది నిజం, ఇది జీవుల పనే. రెండు, వెలుతురు తగిలితే ఆ పని కుంటుపడుతుంది, చీకట్లో బాగా సాగుతుంది. మూడోది అన్నిటికంటే ముఖ్యం. అమోనియా ఒక్క దూకున నైట్రేటుగా మారదు. ముందు నైట్రైట్ అవుతుంది, అది కొన్నాళ్ళు పోగుపడుతుంది, ఆ తర్వాతే నైట్రేట్ అవుతుంది. రెండు మెట్లు కాబట్టి, వాటిని ఎక్కించే జీవులు కూడా రెండు రకాలై ఉండాలని ఆయన అంచనా.

ఆ జీవుల్ని విడదీసి పట్టుకోవడం మాత్రం ఆయనకి అందలేదు. కోఖ్ కనిపెట్టిన జెలటిన్ పలకల మీద ఎంత ప్రయత్నించినా అవి పెరగలేదు. ఎందుకో 1890లో జూరిచ్‌లో సెర్గేయ్ వినోగ్రాడ్‌స్కీ చూపించాడు. ఈ జీవులకి జెలటిన్ లాంటి సేంద్రియ ఆహారం పనికిరాదు. అమోనియాని కాల్చగా వచ్చే శక్తితో, బొగ్గుపులుసు వాయువునే ఒంటికి పట్టించుకుని అవి బతుకుతాయి. అంటే వెలుతురు లేకుండానే మొక్కల పని చేసే జీవులు. ఆహారం పెట్టని పాత్రల్లో వినోగ్రాడ్‌స్కీ వాటిని పెంచి చూపాడు, తర్వాత నైట్రోసోమోనాస్, నైట్రోబాక్టర్ అని పేర్లు పెట్టాడు. పేరు ఆయనకి వచ్చింది. వారింగ్టన్ వ్యవసాయ రసాయన శాస్త్ర చరిత్రలో ఒక పేరాగా మిగిలాడు.

1907లో ఆయన చనిపోయాడు. అదే ఏడాది, 'ది ఆక్వేరియం' రాసిన ఫిలిప్ గాస్ కొడుకు ఎడ్మండ్ గాస్ రాసిన 'ఫాదర్ అండ్ సన్' వెలువడింది. తండ్రి మతానికీ కొడుకు సాహిత్యానికీ మధ్య తెగిన బంధం గురించిన ఆ పుస్తకం సాహిత్య పాఠకులకి బాగా తెలుసు. తండ్రి పుస్తకాలు రేపిన మోజులో జనం తీరాల్లోని రాతిగుంటల్ని ఎలా ఊడ్చేశారో కూడా అందులో బాధగా చెప్పాడు. వారింగ్టన్‌ల మీద అలాంటి పుస్తకం రాలేదు. వాళ్ళ మధ్య తగువేమీ లేదు. తండ్రి వదిలేసిన పద్దుని కొడుకు వేరే లెక్కలో, వేరే ఖాతాలో రాశాడంతే.

తొట్టిలోకి తిరిగి

ఇప్పుడు రెండు సగాల్నీ కలిపి చూద్దాం. చేప తన ఒంట్లోని అమోనియాని ఎక్కువగా మొప్పల ద్వారా నీటిలోకి వదులుతుంది. అమోనియాకి రంగు లేదు. నత్త దాన్ని తినదు, పైపెచ్చు తనూ కొంత కలుపుతుంది. మొక్క కొంత పీలుస్తుంది గానీ, చేపలు ఎక్కువైతే దానికి చేతకాదు. తండ్రి తొట్టి నిలబడిందంటే చేపలు రెండే కావడం, చిన్నవి కావడం కొంత కారణం. ఆయన అడుగున వేసిన బురదా ఇసుకా రాళ్ళ మీద, ఆయన కంటికి కనపడని నాలుగో రకం జీవులు కాపురం పెట్టడం ఇంకో కారణం. సున్నపురాళ్ళకి కూడా పని ఉంది. అమోనియా నైట్రేటుగా మారేటప్పుడు ఆమ్లం పుడుతుంది. దాన్ని సున్నం విరిచేస్తుంది. పారిస్ గొట్టంలో సున్నపురాయి పొడి చేసిన పనీ ఇదే. కొత్త తొట్టి ఇరవై రోజులు ఎందుకు మొరాయిస్తుందో కూడా ఆ గొట్టమే చెప్పింది.

ఈ లెక్క తెలిశాక ఆక్వాపోనిక్స్ పుట్టడానికి ఇంకో ఎనభై ఏళ్ళు పట్టింది. 1969లో అమెరికాలో మొదలై కేప్‌కాడ్‌లో స్థిరపడ్డ న్యూ ఆల్కెమీ ఇన్‌స్టిట్యూట్ చేపల్నీ కూరగాయల్నీ ఒక కప్పు కింద పెంచి చూసింది. 1980ల్లో నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీలో మార్క్ మెక్‌మర్ట్రీ చేపల నీటిని ఇసుక మడుల్లోంచి జారనిచ్చి మళ్ళీ తొట్టిలోకి తెచ్చాడు. చూస్తే అది పారిస్ గొట్టమే, కాకపోతే పైన టమాటాలు కాస్తున్నాయి. వర్జిన్ ఐలాండ్స్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ రకోసీ బృందం ఏళ్ళ తరబడి కొలతలు తీసి, చదరపు మీటరు మొక్కల మడికి రోజుకి 60 నుంచి 100 గ్రాముల చేపల మేత అన్న లెక్క ఇచ్చింది. వారింగ్టన్ కోరుకున్న సరిపాళ్ళకి అంకెలు పడ్డది అప్పుడే.

ఇక తేట నీటి సంగతి. తెలుగువాళ్ళకి నీటిని తేర్చడం కొత్త విద్య కాదు. చిల్లగింజని అరగదీసి కుండలో కలిపితే బురద అడుక్కి దిగుతుంది. అయితే అది నీటిలో తేలే మట్టిని దింపుతుంది గానీ, కరిగిపోయిన అమోనియాని ముట్టుకోదు. తేట వేరు, మంచి వేరు. కొల్లేరు చుట్టూ బొచ్చె, శీలావతి పెంచే రైతులకి ఇది బాగా తెలుసు. వాళ్ళ చెరువుకి పచ్చని వన్నె రావాలి, మరీ తేటగా ఉంటే మేత తక్కువైందని దిగులు. ఇంటి తొట్టిలో అంత పచ్చదనం అక్కర్లేదు. కానీ కళ్ళతో చూసి నీటిని నమ్మే అలవాటు మాత్రం మానుకోవాలి. అమోనియా, నైట్రైట్ చూసే చుక్కల మందు కిట్లు దొరుకుతాయి. రోజూ చుక్కలు వేసి రంగు చూస్తుంటే మొదట అమోనియా పెరిగి తగ్గడం, తర్వాత నైట్రైట్ పెరిగి తగ్గడం, చివరికి నైట్రేట్ మిగలడం కనిపిస్తుంది. కొడుకు వారింగ్టన్ సీసాల్లో చూసింది అచ్చంగా ఇదే వరుస.

మిగతా జాగ్రత్తలన్నీ ఈ చరిత్రలోంచే వస్తాయి. మొదటి నెల చేపలు తక్కువ, మేత ఇంకా తక్కువ. పాత తొట్టిలోంచి గుప్పెడు గులకరాళ్ళు తెచ్చి వేస్తే ఆ నెల కాస్తా కుదించుకుపోతుంది, ష్లోజింగ్‌వాళ్ళు పోసిన మట్టినీళ్ళలాగా. కుళాయి నీటిలో ఉండే క్లోరిన్ ఈ జీవుల పాలిట క్లోరోఫామ్ లాంటిదే. అందుకే ఆ నీటిని ఒక రోజు గాలి తగిలేలా ఉంచి పోయాలి. వడపోతనీ రాళ్ళనీ కుళాయి కింద కడగకూడదు, తొట్టిలోంచి తీసిన నీటిలోనే జాడించాలి. తొట్టికి ఎండ తగలకుండా కప్పితే పాచి తగ్గుతుంది, ఈ జీవులకీ హాయి. పీహెచ్ ఏడు దగ్గరుంటే అమోనియాలో విషరూపం నూటికి ఒక పాలు కూడా ఉండదు. మన ఎండాకాలపు నీటిలో, పీహెచ్ ఎనిమిదికి చేరితే అది ఏడెనిమిది పాళ్ళవుతుంది. మరీ ఆరు కిందికి పడిపోతే జీవుల పని మందగిస్తుంది, అప్పుడు నాలుగు గుల్లలో, కాస్త సున్నపురాయో వేస్తే సరి. కరెంటు పోయినప్పుడు చేపలతోపాటు ఈ జీవులకీ ఊపిరి ఆగుతుంది కాబట్టి, బ్యాటరీ ఉన్న గాలి పంపు ఒకటి దగ్గరుండాలి.

ఈ కథకి కొసరు ఒకటుంది. పేర్లు దొరికాయి, లెక్క ముగిసింది అని శాస్త్రవేత్తలు వందేళ్ళు నమ్మారు. తీరా 1998లో టిమోతీ హోవానెక్ బృందం మంచినీటి ఆక్వేరియాల్ని డీఎన్‌ఏ పద్ధతులతో పరిశీలిస్తే, అక్కడ రెండో మెట్టు పని చేస్తున్నది పాఠ్యపుస్తకాల్లోని నైట్రోబాక్టర్ కాదనీ, నైట్రోస్పైరా అనే వేరే జాతి అనీ తేలింది. 2015 డిసెంబరులో రెండు బృందాలు, రెండు మెట్లూ ఒక్కతే ఎక్కగల నైట్రోస్పైరాల్ని ప్రకటించాయి. ఆ రెండిట్లో నెదర్లాండ్స్‌లోని రాడ్‌బౌడ్ విశ్వవిద్యాలయం వారికి అది దొరికింది ఎక్కడనుకుంటున్నారు? చేపల పెంపకపు నీటిని శుభ్రం చేసే వడపోతలో. కొడుకు వారింగ్టన్ అంచనాని సవరించిన జీవి, తండ్రి వారింగ్టన్ తొట్టి లాంటి చోటే దొరికిందన్నమాట.

తెలుగులో నీళ్ళు తేరుకుంటాయి, దెబ్బతిన్న మనిషి కూడా తేరుకుంటాడు. రెంటికీ ఒకే మాట, రెంటికీ సమయం పడుతుంది. కొత్త తొట్టి పెట్టుకున్నవాళ్ళు ఆ మొదటి మూడు నాలుగు వారాలు దాన్ని కడగాలన్న ఆత్రాన్ని ఆపుకుంటే చాలు. రాళ్ళ మీద పట్టే సన్నటి జిగట చేత్తో తడిమితే తెలుస్తుంది. దాన్ని మురికి అనుకుని తోమెయ్యకండి. ఆ తొట్టిలో పని చేస్తున్నది ముఖ్యంగా అదే.